కామన్ సెన్స్ (కరపత్రం)

కామన్ సెన్స్ అనునది థామస్ పెయిన్ రచించిన సుప్రసిద్ధ రాజకీయ కరపత్రం. ఈ పేరుకు తెలుగులో "ఇంగిత జ్ఞానం" అని అర్థం చెప్పుకోవచ్చు. ఇది 1776 జనవరి 10న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో రచయిత పేరు లేకుండా వెలువడింది. ఉత్తర అమెరికాలోని 13 బ్రిటిషు వలసలు బ్రిటన్ రాజుతో రాజీ ప్రయత్నాలు మానుకొని, సంపూర్ణ స్వాతంత్ర్యం ప్రకటించుకొని, రాజు లేని గణతంత్ర రాజ్యాన్ని స్థాపించుకోవాలని ఇందులో రచయిత వాదించాడు. అప్పటివరకు బహిరంగంగా పలకడానికి చాలామంది జంకిన మాటను సామాన్యులకు అర్థమయ్యే భాషలో చెప్పడం వలన ఈ చిన్న పుస్తకం అమెరికా స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ప్రముఖ స్థానం సంపాదించుకొంది. ఇది వెలువడిన ఆరు నెలలలోపే, 1776 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందింది.

నేపథ్యం

1763లో ముగిసిన ఏడేళ్ళ యుద్ధం వలన బ్రిటన్ భారీగా అప్పులపాలైంది. ఆ భారంలో కొంత భాగాన్ని అమెరికా వలసలపై మోపడానికి బ్రిటిషు పార్లమెంటు పూనుకొంది. 1765లో స్టాంపు చట్టం, 1767లో టౌన్‌షెండ్ సుంకాలు వచ్చాయి. తమ ప్రతినిధులు లేని పార్లమెంటుకు తమపై పన్ను వేసే హక్కు లేదని వలసవాసులు వాదించారు. 1773లో ఈస్టిండియా కంపెనీని ఆదుకొనేందుకు పార్లమెంటు తేయాకు చట్టం చేసింది. దానికి నిరసనగా అదే సంవత్సరం డిసెంబరు 16న బోస్టన్ రేవులో కంపెనీ తేయాకు పెట్టెలను సముద్రంలో పారబోశారు. ప్రతిగా 1774లో పార్లమెంటు బోస్టన్ రేవును మూసివేసి, మసాచుసెట్స్ స్వపరిపాలనను కుదించే కఠిన చట్టాలు చేసింది.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ గ్రామాల వద్ద తుపాకులు పేలాయి. అదే సంవత్సరం జూన్‌లో జార్జి వాషింగ్టన్ వలసల సేనకు అధిపతిగా నియమితుడయ్యాడు. యుద్ధం మొదలైనప్పటికీ వలసవాసులలో అధికులు స్వాతంత్ర్యం కోరలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. తమకు అన్యాయం చేస్తున్నది పార్లమెంటు, మంత్రులే గాని రాజు కాడని, రాజుకు నిజం తెలిస్తే న్యాయం చేస్తాడని వారు నమ్మేవారు. ఈ నమ్మకంతోనే కాంటినెంటల్ కాంగ్రెసు 1775 జూలైలో రాజు మూడవ జార్జికి ఒక విన్నపం పంపింది. దీనిని "ఆలివ్ కొమ్మ విన్నపం" అంటారు. రాజు దానిని స్వీకరించలేదు. పైగా ఆగస్టు 23న వలసలలో తిరుగుబాటు జరుగుతున్నదని అధికారికంగా ప్రకటించాడు.

ఈ విధంగా 1775 చివరినాటికి వలసవాసులు ఒక విచిత్ర స్థితిలో ఉన్నారు. ఒకవైపు రాజు సైన్యంతో పోరాడుతూ, మరొకవైపు అదే రాజుకు విధేయులమని చెప్పుకొంటున్నారు. ఈ వైరుధ్యాన్ని సూటిగా ఎత్తిచూపినదే కామన్ సెన్స్.

రచయిత

థామస్ పెయిన్ 1737లో ఇంగ్లండులోని నార్‌ఫోక్ ప్రాంతానికి చెందిన థెట్‌ఫోర్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి క్వేకర్ మతశాఖకు చెందినవాడు. స్త్రీలు నడుముకు బిగించి కట్టుకొనే కార్సెట్లు తయారుచేయడం ఆయన వృత్తి. పెయిన్ చదువు పాఠశాలతోనే ముగిసింది. మొదట తండ్రి వృత్తినే నేర్చుకొని, తరువాత ఎక్సైజు సుంకాల శాఖలో చిన్న ఉద్యోగిగా చేరాడు. 1772లో తోటి ఉద్యోగుల జీతాలు పెంచాలని కోరుతూ ఒక కరపత్రం వ్రాశాడు. ఆయన తొలి రాజకీయ రచనగా దీనిని పేర్కొంటారు. 1774లో ఉద్యోగం పోగొట్టుకొన్నాడు.

లండనులో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో కలిగిన పరిచయం పెయిన్ జీవితాన్ని మలుపు తిప్పింది. ఫ్రాంక్లిన్ ఇచ్చిన పరిచయ లేఖతో 1774 నవంబరు 30న ఆయన ఫిలడెల్ఫియా చేరాడు. అక్కడ పెన్సిల్వేనియా మ్యాగజైన్ అనే మాసపత్రికకు సంపాదకత్వం వహించాడు. అంటే, అమెరికా స్వాతంత్ర్యానికి అత్యంత ప్రభావవంతమైన వాదనను వినిపించిన వ్యక్తి ఆ నేలపై అడుగుపెట్టి అప్పటికి 14 నెలలు కూడా నిండలేదు.

రచన, ప్రచురణ

ఫిలడెల్ఫియాకు చెందిన వైద్యుడు బెంజమిన్ రష్ ఈ రచనకు ప్రోత్సాహమిచ్చాడు. రష్ తరువాతి కాలంలో వ్రాసుకొన్న జ్ఞాపకాల ప్రకారం, స్వాతంత్ర్యం గురించి తానే వ్రాయాలని మొదట అనుకొన్నాడు. కాని నగరంలో తన వైద్యవృత్తికి, పరిచయాలకు హాని కలుగుతుందని వెనుకాడి, ఆ పని పెయిన్‌కు అప్పగించాడు. క్రొత్తగా వచ్చిన పెయిన్‌కు పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రాజుపై తిరుగుబాటును ప్రోత్సహించడం రాజద్రోహంగా పరిగణింపబడే ఆ రోజులలో ఈ భయం సహజమైనదే. పెయిన్ మొదట తన రచనకు "ప్లెయిన్ ట్రూత్" అని పేరు పెట్టాలనుకొన్నాడు. "కామన్ సెన్స్" అనే పేరు రష్ సూచించినదే.

రాబర్ట్ బెల్ అనే ముద్రాపకుడు దీనిని అచ్చువేయడానికి సాహసించాడు. మొదటి ముద్రణ 1,000 ప్రతులు, వెల రెండు షిల్లింగులు. ప్రతులు త్వరలోనే అమ్ముడుపోయాయి. తన వంతు లాభాన్ని క్విబెక్ దండయాత్రలో ఉన్న సైనికులకు చేతితొడుగులు కొనడానికి ఇవ్వాలని పెయిన్ ఉద్దేశం. లాభమేమీ మిగలలేదని బెల్ చెప్పడంతో ఇద్దరికీ తగాదా వచ్చింది. బెల్ రచయిత అనుమతి లేకుండానే రెండవ ముద్రణ వేశాడు. పెయిన్ బ్రాడ్‌ఫోర్డ్ ముద్రాపకుల వద్దకు వెళ్ళి, ఒక అనుబంధాన్ని, క్వేకర్లకు వ్రాసిన సమాధానాన్ని చేర్చి, విస్తరించిన ప్రతిని ఫిబ్రవరి 14న ఒక షిల్లింగు వెలకు వెలువరించాడు. ఈ తగాదా పత్రికల ప్రకటనలకు ఎక్కి, పుస్తకానికి మరింత ప్రచారం తెచ్చిపెట్టింది.

పెయిన్ తన గ్రంథస్వామ్యాన్ని వదులుకోవడం వలన ఇతర వలసలలోని ముద్రాపకులు కూడా దీనిని స్వేచ్ఛగా అచ్చువేశారు. ఫిలడెల్ఫియాలోని జర్మన్ ప్రజల కోసం 1776లోనే జర్మన్ అనువాదం వచ్చింది. లండనులో కూడా పునర్ముద్రణ జరిగింది గాని, రాజును నిందించిన భాగాలను అక్కడి ముద్రాపకుడు ఖాళీలుగా వదలివేశాడు. రచయిత ఎవరన్నది మొదట తెలియకపోవడంతో కొందరు ఫ్రాంక్లిన్ అని, మరికొందరు జాన్ ఆడమ్స్ అని ఊహించారు.

విషయ సంగ్రహం

ఈ కరపత్రంలో నాలుగు భాగాలున్నాయి.

1. ప్రభుత్వం పుట్టుక, ఇంగ్లండు రాజ్యాంగం

పెయిన్ ముందుగా సమాజానికి, ప్రభుత్వానికి గల భేదాన్ని వివరించాడు. మనుషుల అవసరాల నుండి సమాజం పుట్టిందని, వారి చెడుగుణాలను అదుపులో ఉంచవలసి రావడం వలన ప్రభుత్వం పుట్టిందని ఆయన అభిప్రాయం. కనుక ప్రభుత్వమనేది ఎంత మంచిదైనా తప్పనిసరిగా భరించవలసిన ఒక కీడు మాత్రమే. జనావాసాలు లేని చోట కొద్దిమంది స్థిరపడితే ఏం జరుగుతుందో ఊహించమని ఆయన పాఠకుని కోరాడు. మొదట అందరూ ఒక చెట్టు క్రింద చేరి తీర్మానాలు చేసుకొంటారు. జనం పెరిగిన తరువాత ప్రతినిధులను ఎన్నుకొంటారు. ఈ సరళమైన కొలతతో చూస్తే, రాజు, ప్రభువుల సభ, సామాన్యుల సభ అనే మూడు అంగాలు ఒకదానినొకటి అదుపుచేసుకొంటాయని గొప్పగా చెప్పుకొనే ఇంగ్లండు రాజ్యాంగం అనవసరమైన చిక్కుముడి అని వాదించాడు. రాజును నమ్మలేకనే అదుపు పెట్టినప్పుడు, మళ్ళీ ఆ సభను అదుపుచేసే అధికారం రాజుకే ఇవ్వడంలో అర్థమేమిటని ప్రశ్నించాడు.

2. రాజరికం, వంశపారంపర్య అధికారం

సృష్టిలో మనుషులందరూ సమానులే అయినప్పుడు రాజులు, ప్రజలు అనే భేదం ఎక్కడినుండి వచ్చిందన్నది ఈ భాగంలోని ప్రధాన ప్రశ్న. పాఠకులలో అధికులు బైబిలును శ్రద్ధగా చదివేవారు కనుక, పెయిన్ ఆ గ్రంథం నుండే ఉదాహరణలు తీసుకొన్నాడు. గిద్యోను రాజపదవిని నిరాకరించిన ఘట్టాన్ని, రాజు కావాలని కోరిన ఇశ్రాయేలీయులను సమూయేలు ప్రవక్త హెచ్చరించిన ఘట్టాన్ని వివరించి, రాజరికం దైవసమ్మతం కాదని నిరూపించ ప్రయత్నించాడు.

తరువాత వంశపారంపర్యాన్ని ఎదుర్కొన్నాడు. ఒక తరం వారు ఒకనిని రాజుగా ఎన్నుకొన్నా, పుట్టబోయే తరాలను అతని సంతానానికి కట్టివేసే హక్కు వారికి లేదన్నాడు. గుణం వారసత్వంగా రాదనడానికి చరిత్రలోని అసమర్థులైన రాజులే సాక్ష్యమన్నాడు. ఇంగ్లండు రాజవంశానికి మూలపురుషుడైన విలియం పరదేశం నుండి సాయుధ మూకతో వచ్చి, ప్రజల సమ్మతి లేకుండా సింహాసనమెక్కినవాడని ఎద్దేవా చేశాడు. వంశపారంపర్యం వలన శాంతి నిలుస్తుందన్న వాదానికి సమాధానంగా, ఆ విజయం తరువాత ఇంగ్లండులో ఎనిమిది అంతర్యుద్ధాలు, 19 తిరుగుబాట్లు జరిగాయని లెక్క చెప్పాడు. యుద్ధాలు చేయడం, పదవులు పంచడం తప్ప పని లేని ఒక వ్యక్తికి ఏటా ఎనిమిది లక్షల పౌండ్లు ఇవ్వడాన్ని తప్పుపట్టాడు.

3. అమెరికా వర్తమాన పరిస్థితి

కరపత్రంలో అతి ముఖ్యమైన భాగం ఇదే. రాజీ కోరేవారి వాదాలను ఒక్కొక్కటిగా తీసుకొని పెయిన్ సమాధానమిచ్చాడు.

* బ్రిటన్ పాలనలో అమెరికా వర్ధిల్లిందన్న వాదం: అమెరికా పండించే ధాన్యం వంటి నిత్యావసరాలకు యూరపులో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది కనుక, బ్రిటన్ లేకున్నా అంతే వర్ధిల్లేదని సమాధానం.
* బ్రిటన్ రక్షణ ఇచ్చిందన్న వాదం: ఆ రక్షణ అమెరికాపై ప్రేమతో కాక, వర్తకం కోసం ఇచ్చినదని, బ్రిటన్ శత్రువులు బ్రిటన్ వలననే అమెరికాకు శత్రువులయ్యారని సమాధానం.
* బ్రిటన్ తల్లిదేశమన్న వాదం: అలాగైతే ఆమె ప్రవర్తన మరింత సిగ్గుచేటని, నిజానికి యూరపులోని పలు దేశాలనుండి హింసకు తాళలేక వచ్చినవారికి అమెరికా ఆశ్రయమిచ్చిందని, పెన్సిల్వేనియా వాసులలోనే ఇంగ్లీషు సంతతివారు మూడవవంతుకు మించరని సమాధానం.

ఒక ద్వీపం ఒక ఖండాన్ని శాశ్వతంగా ఏలడం ప్రకృతికే విరుద్ధమన్నాడు. వేలమైళ్ళ దూరానికి ఒక విన్నపం పంపి, జవాబు కోసం నాలుగైదు నెలలు ఎదురుచూసి, ఆ జవాబును అర్థం చేసుకోవడానికి మరికొన్ని నెలలు తీసుకొనే పాలన ఎంతోకాలం సాగదన్నాడు. లెక్సింగ్టన్‌లో నెత్తురు పారిన తరువాత రాజీ మాట అసంబద్ధమని, ఇప్పుడు రాజీపడితే అదే యుద్ధం మన పిల్లల నెత్తిన పడుతుందని హెచ్చరించాడు.

కేవలం ఖండనతో ఆగక, పెయిన్ ఒక పాలనా ప్రణాళికను కూడా సూచించాడు. ప్రతి వలసను జిల్లాలుగా విభజించి, ఒక్కొక్క వలస నుండి కనీసం 30 మంది, మొత్తం కనీసం 390 మంది ప్రతినిధులతో కాంగ్రెసు ఏర్పడాలి. అధ్యక్షుడు వలసల వంతు ప్రకారం ఎన్నిక కావాలి. శాసనానికి ఐదింట మూడువంతుల మద్దతు ఉండాలి. రాజ్యానికి పునాదిగా ఒక లిఖితపూర్వక శాసనపత్రం ఉండాలి. రాజు స్థానంలో చట్టమే సర్వోన్నతం కావాలన్నది ఆయన సిద్ధాంతం.

4. అమెరికా శక్తిసామర్థ్యాలు

స్వాతంత్ర్యం న్యాయమైనదే కావచ్చు, సాధ్యమా అన్న సందేహానికి ఈ భాగం సమాధానం. కలప, తారు, ఇనుము, త్రాళ్ళు స్వదేశంలోనే దొరుకుతాయి కనుక నౌకాదళాన్ని నిర్మించుకోవచ్చునని, యుద్ధనౌకల నిర్మాణ వ్యయాన్ని పట్టికగా వేసి చూపాడు. బ్రిటన్ మునిగి ఉన్న అప్పుతో పోలిస్తే అమెరికాకు అప్పే లేదన్నాడు. చివరగా, తమను తాము బ్రిటిషు ప్రజలుగా చెప్పుకొన్నంతకాలం ఇతర దేశాలు తమను తిరుగుబాటుదారులుగానే చూస్తాయని, ఫ్రాన్సు, స్పెయిన్‌ల సహాయం కావాలంటే బహిరంగ ప్రకటన అవసరమని వాదించాడు. 1778లో ఫ్రాన్సు అమెరికాతో సంధి చేసుకోవడం ఈ అంచనా సరియైనదని చూపింది.

శైలి

ఆనాటి రాజకీయ కరపత్రాలను ఎక్కువగా న్యాయవాదులు, మతాచార్యులు వ్రాసేవారు. అవి లాటిన్ వాక్యాలతో, న్యాయశాస్త్ర చర్చలతో నిండి ఉండేవి. పెయిన్ రచనలో లాటిన్ పాండిత్య ప్రదర్శన లేదు. బైబిలు, కుటుంబం, వ్యాపారం, ప్రకృతి వంటి అందరికీ తెలిసిన విషయాలనుండే పోలికలు తీసుకొన్నాడు. ప్రత్యర్థి వాదాన్ని ముందు చెప్పి, తరువాత ఖండించడం ఆయన పద్ధతి. హేళన, ఆగ్రహం, లెక్కలు మూడూ కలగలిసి ఉంటాయి. చదువురానివారి కోసం దీనిని బహిరంగ ప్రదేశాలలో బిగ్గరగా చదివి వినిపించేవారు.

ప్రభావం

కరపత్రం వెలువడిన రోజులలోనే, 1775 అక్టోబరులో పార్లమెంటులో రాజు చేసిన కఠిన ప్రసంగం ఫిలడెల్ఫియా చేరింది. రాజు దయామయుడన్న నమ్మకాన్ని కరపత్రం ఖండిస్తుండగా, రాజు మాటలే దానికి సాక్ష్యమయ్యాయి. సేనలో అభిప్రాయాలు మారుతున్నాయని, వర్జీనియాలో ఈ రచన బలంగా పనిచేస్తున్నదని వాషింగ్టన్ తన లేఖలలో పేర్కొన్నాడు. 1776 ఏప్రిల్ 12న ఉత్తర కరోలినా తన ప్రతినిధులకు స్వాతంత్ర్యానికి ఓటు వేసే అధికారమిచ్చింది. జూలై 2న కాంగ్రెసు స్వాతంత్ర్య తీర్మానాన్ని ఆమోదించింది. రెండు రోజుల తరువాత ఆమోదించిన స్వాతంత్ర్య ప్రకటన తన ఆరోపణలను ప్రధానంగా రాజుపైనే చేయడం గమనార్హం.

అయితే ఈ మార్పు అంతా ఒక్క కరపత్రం వలననే వచ్చిందనడం సరికాదు. ఫాల్మత్ పట్టణ దహనం, వలసల వర్తకాన్ని నిషేధించిన చట్టం, జర్మన్ సైనికులను రాజు కిరాయికి తెస్తున్నాడన్న వార్త కూడా ప్రజాభిప్రాయాన్ని మార్చాయి. అప్పటికే కదులుతున్న ఆలోచనలకు పెయిన్ స్పష్టమైన రూపమిచ్చాడని చెప్పడం సమంజసం.

ప్రతుల సంఖ్యపై వివాదం

మూడు నెలలలో 1,20,000 ప్రతులు అమ్ముడుపోయాయని పెయిన్ 1776లో చెప్పాడు. తరువాత దానిని 1,50,000గా పేర్కొన్నాడు. కొందరు జీవితచరిత్రకారులు ఐదు లక్షల వరకు పెంచారు. వలసల మొత్తం జనాభా సుమారు 25 లక్షలు. వారిలో సుమారు ఐదు లక్షలమంది బానిసలు. ఆనాటి ముద్రణాలయాల శక్తిని, కాగితం కొరతను పరిశీలించిన ఆధునిక పరిశోధకులు 75,000 నుండి 1,00,000 మించి ఉండకపోవచ్చునని భావిస్తున్నారు. ఆ లెక్క ప్రకారం చూసినా ఒక రాజకీయ కరపత్రానికి ఇది అపూర్వమైన ఆదరణే.

విమర్శలు

రాజవిధేయులు దీనిని తీవ్రంగా ఖండించారు. మేరీలాండుకు చెందిన జేమ్స్ చామర్స్ "ప్లెయిన్ ట్రూత్" అనే పేరుతో, అంటే పెయిన్ మొదట అనుకొన్న పేరుతోనే, సమాధాన కరపత్రం వ్రాశాడు. రాజు లేకపోతే అరాచకం ప్రబలుతుందని, బ్రిటిషు రాజ్యాంగమే స్వేచ్ఛకు రక్షణ అని ఆయన వాదం. న్యూయార్కులో మతాచార్యుడు చార్లెస్ ఇంగ్లిస్ వ్రాసిన ఖండనను ఒక గుంపు చదువనీయకుండా కాల్చివేసింది. స్వేచ్ఛ పేరుతో ప్రత్యర్థి రచనను కాల్చడం ఆ ఉద్యమంలోని ఒక వైరుధ్యం.

స్వాతంత్ర్యవాదులలో కూడా విమర్శకులున్నారు. జాన్ ఆడమ్స్ స్వాతంత్ర్యం గురించిన వాదాలను మెచ్చుకొన్నాడు గాని, బైబిలు ఆధారాలను తేలికగా తీసిపారేశాడు. ఒకే సభ గల శాసనవ్యవస్థ ప్రమాదకరమని భావించి, 1776లో "థాట్స్ ఆన్ గవర్నమెంట్" అనే రచనలో రెండు సభల విధానాన్ని ప్రతిపాదించాడు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం ఆడమ్స్ చెప్పిన దిశలోనే సాగింది.

సమానత్వం గురించి ఇంత చెప్పిన కరపత్రం బానిసత్వ నిర్మూలన గురించి మాట్లాడలేదు. పైగా ఆదివాసులను, నల్లజాతివారిని వలసలపైకి ఉసిగొల్పుతున్నదని బ్రిటన్‌ను నిందించింది. అంతకు కొద్దిగా ముందు, 1775 నవంబరులో, తిరుగుబాటుదారులను విడిచి తన సేనలో చేరే బానిసలకు స్వేచ్ఛ ఇస్తానని వర్జీనియా గవర్నరు డన్‌మోర్ ప్రకటించి ఉన్నాడు. ఆ బానిసల దృష్టిలో స్వాతంత్ర్యం ఏ పక్షాన ఉన్నదన్న ప్రశ్నకు కామన్ సెన్స్‌లో సమాధానం దొరకదు.

భారతదేశంతో సంబంధం

కామన్ సెన్స్‌కు దారితీసిన సంఘటనలలో భారతదేశంలో వ్యాపారం చేస్తున్న ఈస్టిండియా కంపెనీ పాత్ర ఉంది. అమెరికాలో స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే, మొగలు చక్రవర్తి షా ఆలం నుండి రాబర్ట్ క్లైవ్ ఉత్తర సర్కారులను, అంటే నేటి కోస్తా ఆంధ్రలో అధిక భాగాన్ని, కంపెనీకి ఫర్మానాగా పొందాడు. పెయిన్ సంపాదకత్వం వహించిన పెన్సిల్వేనియా మ్యాగజైన్‌లో 1775లో క్లైవ్ జీవితమరణాలను విమర్శిస్తూ ఒక వ్యాసం వెలువడింది. దానిని పెయిన్ రచనగా భావిస్తారు. 1781లో యార్క్‌టౌన్ వద్ద అమెరికన్లకు లొంగిపోయిన కారన్‌వాలీసు 1786లో భారతదేశానికి గవర్నరు జనరల్‌గా వచ్చాడు.

మహాత్మా జ్యోతిరావు ఫూలేను పెయిన్ మరొక రచన "రైట్స్ ఆఫ్ మ్యాన్" ప్రభావితం చేసింది. పెయిన్ విడిచిపెట్టిన బానిసత్వ ప్రశ్ననే ఫూలే అందుకొన్నాడు. 1873లో వెలువడిన తన "గులాంగిరి" గ్రంథాన్ని బానిసత్వాన్ని నిర్మూలించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు.

రచయిత తరువాతి జీవితం

పెయిన్ యుద్ధకాలంలో "ద అమెరికన్ క్రైసిస్" అనే వ్యాసావళితో సైనికులకు ధైర్యం చెప్పాడు. తరువాత యూరపు వెళ్ళి, ఫ్రెంచి విప్లవాన్ని సమర్థిస్తూ "రైట్స్ ఆఫ్ మ్యాన్" వ్రాయగా, ఇంగ్లండు న్యాయస్థానం ఆయన పరోక్షంలోనే శిక్ష విధించింది. ఫ్రాన్సు జాతీయ సభకు ఎన్నికై, రాజు పదహారవ లూయీకి మరణశిక్ష విధించడాన్ని వ్యతిరేకించాడు. రాజరికం పోవాలి గాని ఆ మనిషి ప్రాణం తీయనవసరం లేదన్నది ఆయన వైఖరి. అక్కడే చెరసాల పాలయ్యాడు. "ద ఏజ్ ఆఫ్ రీజన్" గ్రంథంలో బైబిలును విమర్శించడంతో అమెరికాలో ఆదరణ కోల్పోయి, 1809 జూన్ 8న న్యూయార్కులో మరణించాడు. అంత్యక్రియలకు కొద్దిమంది మాత్రమే వచ్చారు.

ముఖ్య తేదీలు

* 1774 నవంబరు 30 - పెయిన్ ఫిలడెల్ఫియా చేరుట
* 1775 ఏప్రిల్ 19 - లెక్సింగ్టన్, కాంకర్డ్ పోరాటాలు
* 1775 ఆగస్టు 23 - రాజు తిరుగుబాటు ప్రకటన
* 1776 జనవరి 10 - కామన్ సెన్స్ మొదటి ముద్రణ
* 1776 ఫిబ్రవరి 14 - విస్తరించిన ముద్రణ
* 1776 జూలై 4 - అమెరికా స్వాతంత్ర్య ప్రకటన

ఇవి కూడా చూడండి

* అమెరికా స్వాతంత్ర్య ప్రకటన
* అమెరికా విప్లవం
* బెంజమిన్ ఫ్రాంక్లిన్
* జ్యోతిరావు ఫూలే